నిమ్మరసం అన్నాను

విజయవాడలో చర్మవ్యాధుల డాక్టరుగారు నా భార్య చేతుల్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, "మెహందీ కాకుండా ఇంకేమైనా రాశారా? నూనె గానీ, సెంటు గానీ?" అని అడిగారు. పద్మ లేదంది. ఆమెకు తెలియదు కాబట్టి అది అబద్ధం కాదు. డాక్టరుగారు నావైపు చూశారు. "లేదండి" అన్నాను. నాకు తెలుసు.

పద్మ చేతులు ఇప్పుడు బాగున్నాయి. వంట తనే చేసుకుంటోంది, జడ తనే వేసుకుంటోంది. అందుకే కూర్చుని ఇది రాయగలుగుతున్నాను. మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ అది మెహందీ వల్ల వచ్చిన జబ్బనే అనుకుంటున్నారు. ఆ మెహందీ పెట్టిన మనిషి పేరు మా వల్ల ఊళ్లో పాడైంది. చిన్న సీసాల్లో దొరికే సువాసన నూనెల్ని ఇళ్లలో ఎలా పడితే అలా వాడేవాళ్లు కూడా ఇది చదివితే మంచిదే. అలాంటి సీసా ఒకటి మా ఇంట్లోకి మందులాగే వచ్చింది.

మార్చి ఆఖరు

నందిగామలో మాది రంగుల దుకాణం. పద్మ చెల్లెలు శ్రీలక్ష్మి జగ్గయ్యపేటలో కొత్త ఇల్లు కట్టుకుంది. గోడలకి రంగులన్నీ మా షాపునుంచే వెళ్లాయి. గృహప్రవేశానికి ముందురోజే మేమిద్దరం వెళ్లి, వాళ్లు అప్పటిదాకా అద్దెకుంటున్న ఇంట్లో దిగాం.

ఆ సాయంత్రం పక్క వీధినుంచి సునీత వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. భర్త పెనుగంచిప్రోలుకి ఆటో తోలతాడు. ఈమె పెళ్లిళ్లకి, సీమంతాలకి మెహందీ పెడుతుంది. బజారు కోన్లు వాడదు. ఆకు పొడిని పల్చటి గుడ్డలో జల్లించి, టీ డికాషన్‌తో కలిపి, కోన్లు తనే చుట్టుకుంటుంది. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతుంది. పద్మ పెద్దక్క కాబట్టి వంటింట్లోనే ఉండిపోయింది. ఆమె వంతు వచ్చేసరికి అందరి చేతులూ అయిపోయాయి. చేతిలో కోను ఖాళీ అయితే సునీత అదే గిన్నెలో పిండితో ఇంకో కోను చుట్టి మొదలుపెట్టింది. ఈ వివరం తర్వాత పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను.

"అక్కా, చెయ్యి కదపమాకు. తీగ వంకరపోద్ది."

"ఎన్నేళ్లయిందే పెట్టించుకుని! మా ఆయనకి గోడల రంగులే గానీ చేతుల రంగులు తెలీవు" అంది పద్మ.

శ్రీలక్ష్మి అటుగా పోతూ ఆగింది. "బావా, అందరికీ పండి మా అక్కకి పండకపోతే నీ పని చెప్తా. దాని మీద నీకెంత ప్రేముందో రేపు పొద్దున్నే తేలిపోద్ది."

"షాపులో ఎర్ర ఎనామిల్ డబ్బా ఉంది, తెప్పించనా?" అన్నాను.

"డబ్బా ఎందుకు బావగారూ," అంది సునీత తలెత్తకుండానే. "పొద్దున రాలగొట్టాక నీళ్లు తగలనీయకుండా నిమ్మరసంలో పంచదార కలిపి అద్దండి. ఎందుకు పండదో నేను చూస్తా."

పడుకోబోయే ముందు పద్మ నాతో, "పూజ నిమ్మకాయల్లోంచి ఒకటి తీసి పక్కన పెట్టండి" అంది. సరేనన్నాను. మర్చిపోయాను.

పొద్దున లేచేసరికి ఆ ఇంట్లో నిమ్మకాయ లేదు. గుమ్మాలకి కట్టినవి, పంతులుగారి పళ్లెంలోకి వెళ్లినవి, దిష్టికి కోసినవి పోగా మిగిలినవాటిని ఆడవాళ్లు తమ చేతులకి పిండేసుకున్నారు. వాయిద్యాలవాళ్లు వచ్చి గేటు దగ్గర సర్దుకుంటున్నారు. పద్మ ఎండిన మెహందీ రాల్చుకుని, రెండు చేతులూ ముందుకు చాపుకుని నా గదిలోకి వచ్చింది.

"ఏవండీ, నిమ్మరసం అద్దండి. త్వరగా."

మర్చిపోయానని చెప్పాల్సింది. చెబితే ఆమె నాలుగు మాటలంటుంది, పక్క గదిలో మా అత్తగారు వింటుంది, శ్రీలక్ష్మి రోజంతా ఆటపట్టిస్తుంది. అంతకుమించి ఏమీ లేదు. మంచం మీద పద్మ బ్యాగు తెరిచి ఉంది. అందులో నిమ్మ నూనె సీసా కనిపించింది. పద్మకి ఒక పక్క తలనొప్పి వస్తుంటుంది. మా షాపుకి సరుకు తెచ్చే ఆయన ఎవరో చెప్పారని ఆ సీసా తెచ్చిచ్చాడు. జేబురుమాలు మీద ఒక చుక్క వేసుకుని వాసన చూస్తే ఆమెకి కొంచెం నయంగా ఉండేది. సీసా మీద కోసిన నిమ్మకాయ బొమ్మ ఉంది. నిమ్మకాయే కదా, రసం కంటే చిక్కగా ఉంటుంది, ఇంకా బాగా పండుతుంది అనుకున్నాను.

పద్మ కళ్లు మూసుకుని నిలబడింది. దూదితో వేళ్ల మీద, అరచేతుల్లో, మణికట్టు దాకా అద్దాను. ఇంకా చాలలేదనిపించి సీసా వంచితే మూత దగ్గర ప్లాస్టిక్ బిరడా ఊడివచ్చి నూనె బుళుక్కున పడింది. రెండు చేతుల మీదా మణికట్టునుంచి మోచేతిదాకా కారింది. దూదితో పైపైన తుడిచాను.

"వాసన ఇంత ఘాటుగా ఉందేంటండీ?"

"నిమ్మరసమే. మీ ఊరి నిమ్మకాయలు ఘాటు."

"మా ఊళ్లో మనుషులు కూడా అంతేలెండి" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

పాత ఇంటినుంచి కొత్త ఇంటికి నడిచే వెళ్లాలి. ఆడవాళ్లు ముందు, వాయిద్యాలు వెనక. పద్మ పసుపు కుంకుమల ఇత్తడి పళ్లెం రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. కొత్త ఇంటి ముందుకి వచ్చాక పంతులుగారు గడియారం చూసుకుని, ఇంకాస్త ఆగాలన్నారు. మేం మగాళ్లం టెంటు కిందికి జరిగాం. పళ్లెం పట్టుకున్నవాళ్లు గేటు ముందునుంచి కదలకూడదన్నారు. మార్చి ఎండ ఎలా ఉంటుందో మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. పద్మ కొంగు నెత్తిన వేసుకుంది, చేతులు మాత్రం ఎండలోనే ఉన్నాయి.

భోజనాల దగ్గర శ్రీలక్ష్మి అక్క చేతులు పట్టుకుని అందరికీ చూపించింది. అరచేతులు దానిమ్మ గింజల్లా పండాయి.

"గెలిచావు బావా" అంది.

నేను కూడా అలాగే అనుకున్నాను.

తర్వాతి వారం

నందిగామ వచ్చిన మర్నాడు సాయంత్రం పద్మ చేతులు మండుతున్నాయంది. "పచ్చిమిరపకాయలు కోసినట్టుందండీ" అంది. మజ్జిగలో ముంచుకుంది. కొబ్బరినూనె రాసుకుంది. ఆ మరుసటి రోజుకి ముంజేతులు ఎర్రగా వాచి, ఆపైన పొక్కులు లేచాయి. చిన్నవి ఒకదాంతో ఒకటి కలిసి పెద్దవయ్యాయి. దురద లేదు, మంటే. దుప్పటి తగిలితే కేకవేసేది.

నేను కూర్చుని ఆ చేతుల్ని చూశాను. అరచేతుల్లో మెహందీ ఎంత దట్టంగా ఉందో అక్కడ చర్మం అంత శుభ్రంగా ఉంది. గాజులు ఉన్నచోట పట్టీ వేసినట్టు చర్మం మామూలుగానే ఉంది. మోచేతి వైపు, అసలు మెహందీ పెట్టనిచోట, పొక్కులు చారలుగా దిగి ఉన్నాయి.

నేను రోజూ గోడలు చూసే మనిషిని. పనివాడు బ్రష్షు ఎక్కువ ముంచితే రంగు కారుతుంది. తడిలో కనపడదు, ఎండాక చార తేలుతుంది. ఆ చార చూస్తే చెయ్యి ఎక్కడ ఆగిందో, డబ్బా ఎక్కడ ఒలికిందో చెప్పగలను. పద్మ చేతుల మీద కారింది నా సీసా. ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

బైటికెళ్లి ఆటో పిలిచాను.

నందిగామ క్లినిక్‌లో కుర్చీలన్నీ నిండిపోయాయి. పద్మ చేతులు రెండూ ఒళ్లో తగలకుండా గాల్లో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. వీరులపాడునుంచి మనవడికి జ్వరమని వచ్చిన ఒక పెద్దావిడ లేచి తన కుర్చీ ఇచ్చింది. నేను చీటీ రాయించి వచ్చేసరికి ఆవిడ పద్మకి నీళ్లసీసా నోటికి అందిస్తోంది, మధ్యమధ్యలో తన కొంగుతో చేతుల మీద విసురుతోంది.

"కాలిందా తల్లీ?"

"గోరింటాకమ్మా. కోను."

"అయ్యో. ఈ మందుల కోన్లు పాడుగాను."

ఆవిడ పాపం మంచికే అంది. మొదటిసారి ఆ మాట బైటి మనిషి నోట విన్నాను. విని తలూపాను.

లోపల డాక్టరుగారు కూడా మెహందీ మాట వినగానే అదే అయ్యుంటుందన్నారు. పూతకి, మింగడానికి మందులు రాసి, తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించమన్నారు. ఆ సాయంత్రం శ్రీలక్ష్మి ఫోన్ చేసి, "బావా, ఒక ఫోటో పెట్టు" అంది. తీసి పంపాను. పొక్కులు సరిగ్గా కనపడాలని పద్మని కిటికీ దగ్గరికి జరగమని కూడా అన్నాను. ఆ ఫోటో శ్రీలక్ష్మి బంధువుల గ్రూపులో పెట్టింది, అక్కణ్నించి వాళ్ల వీధి ఆడవాళ్ల గ్రూపులోకి వెళ్లింది. కింద సునీత పేరు రాసి, ఈమె దగ్గర ఎవరూ పెట్టించుకోవద్దని ఎవరో చేర్చారు.

మా ఇంట్లో ఫోను స్పీకర్లో పెట్టి ఉంది. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకుంటుండగా సునీత శ్రీలక్ష్మి ఇంటికి వచ్చింది. గొంతులన్నీ మాకు వినబడుతున్నాయి.

"అక్కా, అందరికీ అదే గిన్నెలో పిండక్కా. నా చేతులకీ అదే పెట్టుకున్నా, చూడు."

"మా అక్కకి కొత్త కోను తీసావా లేదా?"

"కోను కొత్తదే, పిండి అదేనక్కా."

"ఏం కలిపావో ఏమో. నువ్వు ముందు మా అక్క చేతులు చూడు, తర్వాత మాట్లాడు."

"చూపించు, చూస్తా. నన్ను నందిగామ తీసుకెళ్లు, అక్క కాళ్ల దగ్గర కూర్చుంటా. నేనేం కలపలేదు."

పద్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పాపం, అంతలా అనకే" అంది ఫోన్లోకి. అవతల ఎవరికీ వినబడలేదు. నేను అక్కడే, చెయ్యి చాపితే ఫోను అందేంత దగ్గర్లో ఉన్నాను.

ఏప్రిల్, మే

విజయవాడ డాక్టరుగారి దగ్గర నేనన్న "లేదండి" మొదట్లోనే చెప్పాను. ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. అప్పటికది మర్చిపోయిన నిమ్మకాయ సంగతి కాదు. ఫోటో ఊరంతా తిరిగింది, సునీతని తిట్టడం అయిపోయింది. ఇప్పుడు నిజం చెబితే ఇవన్నీ నామీదికి వస్తాయి. చెప్పని ప్రతిరోజూ చెప్పాల్సింది పెద్దదవుతూ వచ్చింది.

పొక్కులు చితికి, ఎండి, పొట్టు లేచాయి. పద్మ ఏమీ పట్టుకోలేకపోయేది. తల దువ్వాను. జడ వెయ్యడం రాక ముడి పెట్టాను, అది జారిపోతే ఇద్దరం నవ్వుకున్నాం. అన్నం కలిపి పెట్టాను. చీర కుచ్చిళ్లు పోయడం మాత్రం నావల్ల కాలేదు. ఎదురింటి అమ్మాయి రోజూ కాలేజీకి పోయే ముందు వచ్చి కట్టి వెళ్లేది. "మా ఆయన బంగారం" అని పద్మ ఆ అమ్మాయితో అంటుంటే నేను వంటింట్లోకి వెళ్లిపోయేవాణ్ని.

మంట తగ్గాక మచ్చలు మొదలయ్యాయి. పొక్కులున్న చారలే ముదురు గోధుమరంగుకి, తర్వాత నలుపుకి తిరిగాయి. పద్మకి మంటకంటే అదే ఎక్కువ భయమైంది. మే నెల ఎండల్లో పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. కూరగాయలవాడి ముందు కూడా కొంగుతో కప్పుకునేది.

"ఇవి పోతాయాండీ? లోపల రక్తంలో ఏమన్నా ఉందేమో. షుగరేమో."

"డాక్టరు గారు పోతాయన్నారుగా."

"ఎందుకొచ్చాయో ఆ డాక్టరమ్మకే తెలీనప్పుడు, పోతాయని ఎట్టా చెప్తారండీ?"

నా దగ్గర జవాబుంది.

ఒకరోజు తలనొప్పి వచ్చి, "నా నిమ్మ నూనె సీసా ఏదండీ?" అని వెతికింది. ఏప్రిల్లోనే దాన్ని పారేశాను. పారేసే ముందు షాపులో వెలుతుర్లో పట్టుకుని చూస్తే, చీమ కాళ్లంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది: నేరుగా ఒంటికి రాయవద్దు, రాసినచోట ఎండ తగలనివ్వవద్దు. రంగు డబ్బా మీద రాసింది చదవకుండా కలిపే పనివాళ్లని నేను షాపులో కేకలేస్తుంటాను. కొత్త రంగు ఏదైనా గోడ మూల చిన్న ముక్క మీద వేసి, ఒక రోజాగి చూడమని ప్రతివాడికీ చెబుతాను.

"జగ్గయ్యపేటలోనే మర్చిపోయామేమో" అన్నాను పద్మతో. అది ఆమెకి చెప్పిన రెండో అబద్ధం.

జూన్

మొదటి వానకి శ్రీలక్ష్మి ఇంటి పడమటి గోడ మీద మరకలు దిగాయని చూడ్డానికి వెళ్లాను. బస్సు దిగి నడుస్తూ సునీత వాళ్ల వీధిలోంచి వెళ్లాను. ఆ వీధి తప్పించుకోవచ్చు, అలవాటు కొద్దీ కాళ్లు అటు తిరిగాయి. వాళ్ల గోడ మీద గులాబీ రంగు రేకు బోర్డు ఉండేది. మెహందీ చెయ్యి బొమ్మ, కింద ఆమె పేరు, ఫోను నంబరు. దానిమీద తెల్లరంగు పూసేశారు. ఒక్క కోటింగే. అడుగున ప్రైమర్ పూత లేదు. గులాబీ రంగు పైకి ఉబికి వచ్చింది, పేరులో అక్షరాలు కిందనుంచి కనబడుతూనే ఉన్నాయి. ఎవరైనా ఆగి చదివితే చదవగలరు.

గేటు దగ్గర బట్టలు తీస్తున్న సునీత నన్ను చూసింది. మొహం తిప్పుకుంటుందనుకున్నాను.

"అక్క చేతులెట్టా ఉన్నాయి బావగారూ?"

"తగ్గాయమ్మా. మచ్చలున్నాయి."

"మచ్చలున్నాయా!" ఆమె చేతిలో బట్టలు గోడ మీద పెట్టేసింది. "నేను రోజూ అనుకుంటానే ఉన్నా. ఏం చేసానా అని. పొడి కొట్టువాణ్ని కూడా అడిగా. మళ్లీ అదే పిండి కలిపి నా కాళ్లకి పెట్టుకుని చూసుకున్నా. నాకేం రాలా. అక్కకే ఎందుకొచ్చిందో."

నేను బోర్డు వైపు చూడటం ఆమె గమనించింది.

"మా ఆయన పూసాడు. పెళ్లిళ్ల రోజుల్లో ఒక్కళ్లు పిలవలా. దారిన పొయ్యే ఆడపిల్లలు బోర్డు చూసి చేతులు గోక్కుంటా నవ్వుతున్నారు. ఇంకెందుకులే అని."

అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిచాను. "గోడ చూడాలమ్మా, వస్తా" అన్నాను.

ఆ గోడ మరకలు ఏం చూశానో గుర్తు లేదు. ఇంటికొచ్చి, దీపాలు పెట్టే వేళకి, పద్మ ఎదురుగా కూర్చున్నాను. మొత్తం చెప్పాను. నిమ్మకాయ మర్చిపోవడం దగ్గర్నుంచి సీసా పారేయడం దాకా. అయ్యాక ఆమె తన చేతులకేసి చూసుకుంది.

"వాసన ఘాటుగా ఉందని అడిగా కదండీ" అంది.

"అడిగావు."

"నిమ్మకాయ లేదంటే ఏం చేసేదాన్ని? తిట్టేదాన్ని. రెండు తిట్టి పళ్లెం పట్టుకుని వెళ్లేదాన్ని. అంతేగా."

"అంతే."

"నా చేతులు కిటికీ దగ్గర పెట్టించి ఫోటో తీశారు. ఆ ఫోటోతో ఆ పిల్లని తిట్టించారు. నా చేతులు పెట్టి." ఆమె గొంతు పెరగలేదు. "మండింది నాకండీ. అది నేను పడతా. ఆ పిల్లని ఎందుకు మాట పడనిచ్చారు?"

తర్వాత కొన్నాళ్లు పద్మ అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. కానీ మొదటి రోజే ఒకటి తేల్చేసింది. ముందు డాక్టరుగారికి నిజం చెప్పాలి, ఆ తర్వాత జగ్గయ్యపేట.

విజయవాడలో డాక్టరుగారి హాల్లో ఈసారి మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, మధ్యలో బ్యాగు పెట్టుకుని. నేను చెప్పింది విని డాక్టరుగారు కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "నాకు అనుమానం వచ్చే అడిగానండీ. చెప్పుంటే ఈవిడ ఇన్నాళ్లు ఇంత భయపడేవారు కాదు" అన్నారు. డాక్టరుగారు వివరంగా చెప్పిన సంగతి ఇది. నిమ్మ, దాని జాతి పళ్ల తొక్కల్ని పిండి తీసే నూనెల్లో ఒక పదార్థం ఉంటుంది. నీడలో ఉంటే అది ఊరుకుంటుంది. రాసినచోట ఎండ పడితే మాత్రం చర్మాన్ని కాల్చేస్తుంది. వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులకి బైటపడుతుంది. అరచేతుల చర్మం మందం, పైగా పళ్లెం కింద అవి నీడలో ఉన్నాయి. అందుకే అక్కడ రాలేదు. ఇది అంటుకునేది కాదు, రక్తంలోదీ కాదు. మచ్చలు నెలల మీద పోతాయి, అప్పటిదాకా ఎండ తగలనివ్వకూడదు.

"మరి నిమ్మరసం?" అని పద్మ అడిగింది.

"రసమైనా అంతేనమ్మా, తక్కువగా వస్తుంది. నిమ్మకాయ పిండిన చేతుల్ని సబ్బుతో కడుక్కునే ఎండలోకి వెళ్లాలి. ఇలాంటి నూనెలు నేరుగా ఒంటికి అసలు రాయకూడదు. కొబ్బరినూనె లాంటిదాంట్లో బాగా పల్చన చేసి, చేతి మీద చిన్నచోట రాసి చూసుకోవాలి. నిమ్మ జాతివైతే అలా రాసినా ఆ రోజంతా ఎండకి పోకూడదు. పొరపాటున రాసుకుని ఉంటే కడిగేసుకుని, బట్టతో కప్పుకోవాలి."

పద్మ వినడం చూశాను. మూడు నెలల తర్వాత ఆమె భుజాలు కిందికి దిగాయి. రక్తంలో ఏమీ లేదన్న మాట ఆమెకి ఎప్పుడో అందాల్సింది. బస్టాండులో రెండు టీలు తెచ్చాను. ఆమె ఒకటి అందుకుంది.

శ్రావణానికి ముందు

జగ్గయ్యపేటకి ఇద్దరం కలిసి వెళ్లాం. ముందు శ్రీలక్ష్మి ఇంటికెళ్లి చెప్పాను. ఆమె నన్ను బావా అని పిలవకుండా మాట్లాడటం అదే మొదటిసారి. "నా నోటితో తిట్టించారు మీరు" అంది. అని తలుపుకి తాళం వేసి మాతో పాటు బయల్దేరింది.

సునీత ఇంట్లోనే ఉంది. భర్త ఆటో కడుగుతున్నాడు. నేను నిలబడే చెప్పాను. ఆమె వింటూ వింటూ గుమ్మంలో కూర్చుండిపోయింది. పద్మ చేతుల్ని తన దగ్గరికి తీసుకుని, జాకెట్టు చేతులు పైకి జరిపి, ఆ చారల మీద వేలుతో రాసి చూసింది.

"ఇక్కడ నేను పెట్టనే లేదు కదక్కా."

"లేదమ్మా."

"నేను పెట్టనిచోట వచ్చింది." అప్పుడు ఏడ్చింది. ఆమె భర్త నల్లా కట్టేసి వచ్చి పక్కన నిలబడ్డాడు, నావైపు చూడలేదు.

"బోర్డు నేను రాయిస్తానమ్మా. మంచి రంగుతో, మా మనిషిని పంపిస్తా" అన్నాను. ఎందుకన్నానో! చేతనైంది అదే కాబట్టి అనుంటాను.

సునీత కళ్లు తుడుచుకుంది. "బోర్డు మా ఆయన రాసుకుంటాడు బావగారూ. ఫోటో ఏ గ్రూపులో పెట్టారో అదే గ్రూపులో చెప్పండి. మా వీధి దాంట్లో కూడా."

"రాస్తానమ్మా, ఇప్పుడే."

"రాయటం కాదు. అక్క జాలిపడి రాయించిందంటారు. మీ గొంతుతో చెప్పండి. అందరికీ మీ గొంతు తెలుసు."

భర్త అప్పుడు మాట్లాడాడు. "నా ముందే చెప్పండి."

శ్రీలక్ష్మి తన ఫోన్లో గ్రూపు తెరిచి, రెండిటికీ పంపుతానని నా చేతికిచ్చింది. పద్మ నా పక్కకి వచ్చి నిలబడింది. పొడుగు చేతుల జాకెట్టు అలాగే పైకి మడిచి ఉంది, ఆమె దించుకోలేదు. చెప్పాల్సింది దారంతా మనసులో కూర్చుకుంటూ వచ్చాను. బటన్ నొక్కగానే అది పోయింది. మిగిలింది ఇదే.

"నేను నందిగామ ప్రసాద్‌ని, పద్మ భర్తని. గృహప్రవేశం అయ్యాక పద్మ చేతుల ఫోటో మీరంతా చూశారు. ఆ ఫోటో తీసింది నేను, ఆ చేతులు అట్టా చేసిందీ నేనే. సునీత పెట్టిన మెహందీలో ఏ తప్పూ లేదు. పొద్దున నిమ్మరసం అద్దమంటే, నిమ్మకాయ తెచ్చిపెట్టడం మర్చిపోయి, ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, నిమ్మ నూనె రాసి నిమ్మరసం అన్నా. ఎండలో అది కాల్చింది. డాక్టరుగారు అడిగినా దాచా. మీరంతా సునీతని అంటుంటే వింటా ఊరుకున్నా. పద్మా, నీకు చెప్పా, మళ్లీ అందరి ముందూ చెప్తన్నా, తప్పు నాది. సునీతా, నీ పని మంచిది. నీ పేరు పాడుచేసింది నేను. నన్ను క్షమించమ్మా."